రాకెట్ ఎందుకు పడిపోయిందని పిల్ల అడిగితే

మా మేనమామ శ్రీహరికోటలో, మా వైపు మాటలో చెప్పాలంటే షార్‌లో, రాకెట్‌కి ఘన ఇంధనం తయారుచేసే ప్లాంటులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. నేను హైస్కూల్లో సైన్స్ టీచర్ని. అక్టోబరు 4 నుంచి 10 దాకా జరిగే ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలకి ఆయన్నే మా బడికి పిలిచాను. బాగా మాట్లాడారు. చివర్లో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి లేచి, "మే నెలలో వెళ్లిన రాకెట్ ఎందుకు పడిపోయింది సార్?" అంది. "కమిటీ చూస్తోందమ్మా, కూర్చో" అన్నారు మామయ్య. ఆ సాయంత్రం సూళ్లూరుపేటలో వాళ్లింటి అరుగు మీద వాదన మొదలైంది. ఇందులో నా మాటలు కాస్త ఎక్కువగా కనిపిస్తే క్షమించండి, రాసేది నేను కదా.

నేను: ఆ పిల్లని అలా కూర్చోబెట్టేశారేంటి మామయ్యా?

మామయ్య: నిలబెట్టమంటావా?

నేను: అంతకుముందు అరగంట ఎంత బాగా చెప్పారు! జేబులోంచి పెన్సిల్ రబ్బరు తీసి, "నొక్కి చూడండ్రా, రాకెట్‌లో మేం పోసే ఇంధనం గట్టిపడ్డాక ఇట్లాగే ఉంటుంది" అన్నారు. ఆ రబ్బరు చేతులు మారుతూ చివరి బెంచీ దాకా పోయింది. అల్యూమినియం పొడి, అమ్మోనియం పెర్‌క్లోరేట్, జిగటగా ఉండే రబ్బరు ద్రవం కలిపి పిండిలా చేస్తారని చెప్పారు. దాన్ని పోసేటప్పుడు మధ్యలో ఒక అచ్చు నిలబెట్టి, గట్టిపడ్డాక లాగేస్తే ఆ ఖాళీలోనే మంట అంటుకుంటుందని చెప్పారు. పీఎస్ఎల్‌వీ రాకెట్ మొదటి దశలోనే దాదాపు 139 టన్నులు పడుతుందనేసరికి పిల్లలు నోళ్లు తెరిచారు. నేను ఏడాదంతా చెప్పినా అలా వినరు.

మామయ్య: అది నా చేతులతో చేసిన పని. అడిగితే తెల్లారేదాకా చెప్తా. పడిపోయిన రాకెట్ సంగతి నా చేతిలోది కాదు.

నేను: మీ చేతిలోది కాకపోయినా దాచిపెట్టింది కాదుగా. 2025 మే 18న పీఎస్ఎల్‌వీ-సీ61 పోయినప్పుడు, మూడో దశలో మోటారు లోపలి ఒత్తిడి పడిపోయిందని ఇస్రో చైర్మన్ నారాయణన్ గారే కెమెరాల ముందు చెప్పారు. ఒత్తిడి పడిపోవడమంటే ఏంటో మీరు విడమరిచి చెబితే సరిపోయేది. కుక్కర్‌కి గాస్కెట్ అరిగిపోతే ఆవిరి పక్కల నుంచి పోయి విజిల్ రాదు చూడండి, అట్లా...

మామయ్య: ఆగు, ఆగు. గాస్కెట్ అన్నావు. గాస్కెట్ అంటే లీకే. లీకని నీకెవరు చెప్పారు? ఒత్తిడి పడిపోవడానికి కారణాలు ఇంకా ఉండొచ్చు. నువ్వు అరుగు మీద కూర్చుని అన్నావు కాబట్టి సరిపోయింది. అదే మాట నేను బడిలో అంటే తెల్లారి పేపర్లో ఏమొస్తుంది? "రాకెట్‌లో లీకేజీ: షార్ మాజీ ఉద్యోగి వెల్లడి". నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలు ఇంకా సర్వీసులో ఉన్నారు. ప్రభుత్వోద్యోగులకి పెట్టిన 1964 నాటి నడవడి నియమాలు వాళ్ల మెడ మీదుంటాయి. అనుమతి లేకుండా సమాచారం బయటపెట్టకూడదు. మాట జారేది నేను, సంజాయిషీ రాసుకోవాల్సింది వాళ్లు.

(ఇది తగిలింది. కుక్కర్ పోలిక నాకు చాలా ఇష్టం, క్లాసులో పదిసార్లు వాడి ఉంటాను.)

నేను: సరే, కుక్కర్ తప్పే. "ఒత్తిడి పడిపోయిందమ్మా, ఎందుకో ఇంకా తెలీదు, వెతుకుతున్నారు. ఇట్లాంటప్పుడు ఎట్లా వెతుకుతామంటే..." అని ఉంటే ఏం పోయేది? రాకెట్ నుంచి కిందికొచ్చిన లెక్కలన్నీ ముందేసుకుని, ఏ సెకనులో ఏ గీత వంగిందో చూస్తారని మీరే నాకు ఒకసారి చెప్పారు. పిల్లలకి గెలుపు కంటే అదే బాగా ఎక్కుతుంది.

మామయ్య: ఒరే, 1979లో ఎస్ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడితే పత్రికల ముందు కూర్చుంది అప్పటి ఇస్రో చైర్మన్ సతీష్ ధావన్ గారు. ప్రాజెక్టు డైరెక్టర్ కలాం గారిని మాట్లాడనివ్వలేదు. మాట పడాల్సి వస్తే పెద్దాయన పడ్డారు, పనిచేసేవాళ్లని పని చేసుకోనిచ్చారు. మాకు తెలిసిన పద్ధతి అది.

నేను: మరుసటేడు జులై 18న గెలిచినప్పుడు అదే కలాం గారిని ముందుకు తోసిందీ ధావన్ గారే. ఆ సగం వదిలేస్తారేం? తర్వాత కలాం గారే రాశారు కదా, రెండో దశలో నైట్రిక్ ఆసిడ్ కారిపోయి రాకెట్ అదుపు తప్పిందని. ఎవరైనా చులకన చేశారా? రాష్ట్రపతిని చేశారు.

మామయ్య: రాసింది ఇరవై ఏళ్ల తర్వాత. నువ్వు నన్ను అయిదు నెలలకే చెప్పమంటున్నావు.

నేను: ...

మామయ్య: మన ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్ గారి సంగతీ గుర్తుంచుకో. 1994లో గూఢచర్యం కేసు పెట్టి అరెస్టు చేస్తే పేపర్లు కథలు కథలుగా అల్లాయి. కేసు అబద్ధమని సీబీఐ 1996లోనే తేల్చినా, సుప్రీంకోర్టు యాభై లక్షలు ఇమ్మన్నది 2018లో. జనంతో కలవాలంటావు నువ్వు. ఆ రోజు జనం ఎటున్నారు?

నేను: దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ జనానికి అప్పటికి లోపల పనిచేసే మనుషులెవరో తెలుసా? లాంచ్ ముందు రోజు పేపర్లో వచ్చేది ఒకటే ఫోటో. చైర్మన్ గారు రాకెట్ బొమ్మతో తిరుమలలోనో, మన చెంగాళమ్మ గుడిలోనో...

మామయ్య: అమ్మవారి జోలికి రాకు.

నేను: నేను అమ్మవారిని ఏమన్నాను?

మామయ్య: అనబోతున్నావు. సైన్సు వాళ్లకి గుడి ఎందుకని టీవీలో ఎవడో ఒకడు అంటూనే ఉంటాడు. ఊరి గుడికొచ్చి దండం పెట్టుకున్న మనిషిని ఊరు తనవాడనుకుంటుంది. మీ అత్త ఏనాడైనా లాంచ్ వీడియో పూర్తిగా చూసిందా? గుడిలో ఎవరొచ్చారో మాత్రం నీకంటే ముందు చెప్తుంది. జనంతో కలవడమంటే ఇంకేం కావాలి?

(లోపలి నుంచి అత్త, "ఆ నారాయణన్ గారు నాకు దగ్గర్లోనే నిలబడ్డారు" అంది. ఇక్కడ మామయ్యే గెలిచారు.)

నేను: సరే, గుడి మీదే. నా మాట కాస్త పూర్తిగా వినండి. పులికాట్ పక్క ఊళ్లలో లాంచ్ అంటే ఏంటో అడగండి, "వేటకి పోవద్దన్న రోజు" అంటారు. అంతకుమించి వాళ్లకి మన భాషలో కూర్చుని చెప్పినవాళ్లు ఎంతమంది? కౌంట్‌డౌన్ చెప్పే వలర్మతి గారి గొంతు దేశమంతా విన్నది. ఆమె పేరు మాత్రం నాతో సహా చాలామందికి 2023 సెప్టెంబరులో పోయారన్న వార్తతోనే తెలిసింది. చంద్రయాన్-3 దిగిన సాయంత్రం ఇస్రో యూట్యూబ్‌లో ఒకేసారి 80 లక్షల మంది చూశారని మీరే గర్వంగా చెప్తారు. చూశారు, నిజమే. వాళ్లలో ఒక్కరైనా ప్రశ్న అడగగలిగారా? 2019లో చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద కూలినప్పుడు ఏమైంది? శకలాల్ని నాసా ఫోటోల్లో వెతికి పట్టుకున్నది చెన్నైలో షణ్ముగ సుబ్రమణియన్ అనే ఇంజనీరు, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని. జనంలో అంత ఆసక్తి ఉంది మామయ్యా. 2023లో చైర్మన్ సోమనాథ్ గారు చంద్రయాన్-2లో ఏం తప్పిందో, ఈసారి దిగే చోటుని అర కిలోమీటరు నుంచి నాలుగు కిలోమీటర్లకి ఎందుకు పెంచారో విప్పి చెప్పారు. అది విన్నాక మా పిల్లలు ల్యాండింగ్‌ని క్రికెట్ మ్యాచ్‌లా చూళ్లేదు, ఇంజన్లు ఎప్పుడు ఆపుతారని లెక్క పెట్టుకుంటూ చూశారు. చైర్మన్ చెప్పగా లేనిది, చెప్పేసిన దాన్నే మళ్లీ వాళ్ల బడిలో, వాళ్ల మాటలో చెప్పడానికి మీకెందుకు భయం?

మామయ్య: చైర్మన్‌కి తప్పు పలికితే దిద్దడానికి పదిమంది ఉంటారు. నాకు మీ అత్త ఉంది.

నేను: "తెలీదు" అనడంలో తప్పు పలకడానికేముంది?

మామయ్య: ముప్పై ఏళ్లు ఆ ప్లాంటులో ఉన్నాను. అక్కడ "తెలీదు" అన్నవాడిని మిక్సర్ దగ్గరికి రానివ్వరు. ఆ మాట నాకు నోటికి రాదురా.

కాఫీ వచ్చింది. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. మామయ్య చొక్కా జేబు తడుముకున్నారు.

మామయ్య: నా రబ్బరు ఏదీ?

నేను: ఆ పిల్ల దగ్గరే ఉండిపోయింది. రేపు తెస్తాన్లెండి.

మామయ్య: వద్దులే, ఉంచుకోమను. కమిటీ సంగతి మాత్రం మళ్లీ నన్ను అడగొద్దని చెప్పు.