జనవరిలో మా కారు గడప దాటదు

మొన్న అమెరికాలో, మన విస్కాన్సిన్ తెలుగు సంఘం సంక్రాంతి సంబరాల్లో స్టేజీ మీద నుంచి మా పాత కారు మీద ఒక జోకు పేలింది. "ఆ కారుకి జనవరి నెలంతా మైలంట, గడప దాటదంట!" హాలంతా ఒకటే నవ్వులు. పక్కన కూర్చున్న మా అమ్మాయి కూడా నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది. ఆ మాటన్న తమ్ముడి మీద నాకు కోపం లేదు. కానీ ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది, అందుకే రాస్తున్నాను.

సంగతి చాలామందికి తెలిసిందే. ఈసారి ఆడిటోరియం గుమ్మం ముందు ఒక పక్క ఎడ్లబండి బొమ్మ, ముగ్గులు, గొబ్బెమ్మలు పెట్టి, రెండో పక్క మన మొదటి తరం వాళ్లు ఇక్కడ కొనుక్కున్న తొలి కారు ఒకటి పెట్టి ఫొటోలు తీయిద్దామని కమిటీ అనుకుంది. వాళ్లకి మా 1994 టయోటా క్యామ్రీ గుర్తొచ్చింది. దాని నంబరు ప్లేటు నియమం ప్రకారం జనవరిలో రోడ్డెక్కించకూడదు, తేలేనన్నాను. "అక్కా, ఇరవై నిమిషాల దూరం. శనివారం పొద్దున్నే ఏ పోలీసు చూస్తాడు?" అన్నారు. ట్రక్కు మీద ఎక్కించి తెద్దాం, సగం ఖర్చు నేనే పెట్టుకుంటానన్నాను. బడ్జెట్ లేదన్నారు. అదీ నిజమే, భోజనాలకే సరిపోలేదు. అక్కడితో అయిపోవాల్సిన విషయం స్టేజీ ఎక్కింది.

మా కారుకి ఉన్నది కలెక్టర్ నంబరు ప్లేటు. ఈ మాట ఫోన్లో చెబితే మా అమ్మ "కలెక్టరు గారి బండా?" అని సంబరపడింది. పాత వస్తువుల్ని భద్రం చేసుకునేవాళ్లు అనే అర్థంలో కలెక్టర్. మన విస్కాన్సిన్‌లో బండికి ఇరవై ఏళ్లు దాటాలి, కంపెనీ చేసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి. రోజూ తిరగడానికి మామూలు ప్లేటున్న బండి ఇంకొకటి ఉండాలి. అప్పుడు ఒకసారి డబ్బు కడితే చాలు, ఆ బండి మన దగ్గర ఉన్నన్నాళ్లూ ఏటా కట్టే పని లేదు. మనిషికి ఒకటే నంబరు ఇస్తారు. తర్వాత ఇంకో పాత బండి చేరితే అదే నంబరు చివర ఒక అక్షరం చేర్చి ఇస్తారు. మన ఇంటిపేరు, దాని పక్కన పిల్లల పేర్లు ఉన్నట్టు. నాకు ఆ పద్ధతి ఎంత నచ్చిందో చెప్పలేను.

దానికి బదులుగా వాళ్లు మనల్ని అడిగేది పెద్దదేం కాదు. అద్దెకు తిప్పొద్దు, జనవరి నెలంతా రోడ్డెక్కించొద్దు. ఎక్కించాలనుకుంటే అందరిలా మామూలు రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి.

ఆ కారు గురించి కొంచెం ఎక్కువ చెప్పుకుంటాను, క్షమించండి. 1999లో మావారు దాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. నేను ఆయన భార్యగా, హెచ్-4 వీసా మీద వచ్చాను. నరసరావుపేట డిపోలో ముప్ఫై మూడేళ్లు బస్సు నడిపిన డ్రైవర్ కూతుర్ని నేను. అయినా మా ఇంట్లో ఆడపిల్లకి స్టీరింగ్ ఇవ్వడం అనే ఆలోచనే ఎవరికీ రాలేదు. ఇక్కడికొచ్చాక, ఆదివారం ఖాళీగా ఉండే ఒక ఆఫీసు పార్కింగ్‌లో, ఈ క్యామ్రీ మీదే నేర్చుకున్నాను.

2002 వేసవిలో నాన్న వచ్చారు. మొదటి రోజు నేనే ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చాను. ఆయన అలవాటుగా కుడివైపు తలుపు తీసి కూర్చున్నారు. జీవితమంతా కుడివైపు కూర్చుని నడిపిన మనిషి ఇక్కడా కుడివైపే కూర్చున్నారు, కానీ ఎదురుగా స్టీరింగ్ లేదు. ఎడమకాలు క్లచ్ కోసం వెతుకుతూనే ఉంది. నేను బ్రేకు వేసిన ప్రతిసారీ ఆయన కుడికాలు కూడా కింద గట్టిగా ఆనేది. ఇంటికి వచ్చాక దిగి, బానెట్ మీద చెయ్యి వేసి, "బాగా నడిపావమ్మా" అన్నారు. నాన్న నన్ను అలా మెచ్చుకోవడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు.

ఆర్నెల్లు ఉన్నారు. రోజూ కాఫీ తాగి గ్యారేజీలోకి వెళ్లి ఆయిల్ చూసేవారు, మడమతో నాలుగు టైర్లూ తట్టి చూసేవారు. ఊళ్లో అయితే ఇనప రాడ్డుతో తట్టేవారు. రాత్రి పదకొండింటికి, ఒక్క మనిషి లేని నాలుగు రోడ్ల కూడలిలో స్టాప్ బోర్డు దగ్గర నేను పూర్తిగా ఆపకుండా మెల్లగా జారిపోతే, "ఆపి వెళ్లమ్మా, బోర్డు ఎవరికోసమో కాదు" అన్నారు. 2011లో నాన్న పోయారు. ఆయన కూర్చున్న సీటు, ఆయన చూసిన ఆయిల్ పుల్ల, ఆ బండి నా దగ్గర ఉన్నాయి. మా అబ్బాయి పాత టేప్ రికార్డర్ తీసేసి బ్లూటూత్ పెడదామంటే ఒప్పుకోలేదు.

ఇక మైల సంగతి. ఆ మాట నాకు గుచ్చుకున్నా, ఇంటికొచ్చి ఆలోచిస్తే అందులో ఒక నిజం కనబడింది. ఏ పోలీసూ కాపలా లేకుండా మనం పాటించే నియమాలు ఎన్ని! మూఢంలో ముహూర్తం పెట్టం. ఆషాఢంలో కొత్త కోడలిని పుట్టింటికి పంపుతాం. ధనుర్మాసం నెలంతా పెళ్లి మాట ఎత్తం. మంగళవారం క్షవరం చేయించుకోని మగవాళ్లు మన సంఘంలోనే పదిమంది ఉన్నారు. కొత్త కారు కొన్నామంటే ఎంత మంచులోనైనా పక్క రాష్ట్రం ఇల్లినాయిలోని అరోరా బాలాజీ గుడి దాకా వెళ్లి, పసుపు కుంకుమ పెట్టించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి గానీ ఆఫీసుకి తీసుకెళ్లం. ఇదంతా నాకు ప్రాణం. ఇంత నిష్ఠ ఉన్న మనమే ప్రభుత్వం పెట్టిన ఒక్క నెల నియమం దగ్గరికి వచ్చేసరికి "ఎవరు చూస్తారులే" అంటాం. హెల్మెట్ హ్యాండిల్‌కి తగిలించుకుని, పోలీసు కనబడగానే తలకి పెట్టుకునే అలవాటు విమానం ఎక్కి మనతో పాటు వచ్చేసింది. కఠినంగా అంటున్నానేమో, కానీ అదే ఊళ్లో, అదే రోడ్ల మీద, ఖాళీ బస్సుని కూడా గీత దాటనివ్వని నాన్న బతికారు. కాబట్టి ఆ అలవాటు మన నేలది అంటే నేను ఒప్పుకోను.

స్టేజీ మీది జోకు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది భోజనాల లైన్లో జరిగింది. పులిహోర వడ్డించుకుంటుంటే ఒకాయన దగ్గరికొచ్చి, "మా వ్యాన్‌కి ఇరవై రెండేళ్లు అక్కా. ఆ ప్లేటు పెట్టేసుకుంటే ఏటా కట్టే వంద డాలర్లు మిగులుతాయి కదా, ఎలా అప్లై చేయాలి?" అని అడిగారు. అది ఆయన రోజూ ఆఫీసుకి వెళ్లే బండి. జనవరిలో ఎలా వెళ్తారంటే భుజాలెగరేశారు. ఇంకో ఇద్దరు ఆసక్తిగా విన్నారు.

అవతలి వైపు మాట కూడా చెప్పాలి. ఈ నియమం కాస్త మొరటుదే. జనవరిలో ఎండకాసి రోడ్డు పొడిగా ఉన్న రోజూ ఉంటుంది, ఏప్రిల్‌లో మంచు పడే రోజూ ఉంటుంది. మన పెద్ద పండగ సరిగ్గా ఆ నెలలోనే రావడం మన దురదృష్టం. పక్క రాష్ట్రాల్లో లెక్కలు వేరు. ఇల్లినాయిలో పాతికేళ్లు దాటిన బండికి ఒక రకం ప్లేటు ఉంది. దానితో ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ఎటైనా తిరగొచ్చు, మిగతా నెలల్లో ప్రదర్శనలకీ రిపేర్లకీ మాత్రమే. మిషిగన్‌లో పాత బండి క్లబ్బు పనులకీ ప్రదర్శనలకీ, అవి కాక ఆగస్టు నెలంతా స్వేచ్ఛగా. మిన్నెసోటాలో నెల లెక్క లేదు గానీ, రోజువారీ ప్రయాణానికి వాడకూడదు. అంతెందుకు, మన దేశంలోనే 2021లో పెట్టిన నిబంధనలు చూడండి. యాభై ఏళ్లు దాటిన బండికి నంబరులో వీఏ అనే అక్షరాలు ఇస్తారు, ఇరవై వేల రూపాయలు కట్టాలి, పదేళ్లకోసారి ఐదు వేలతో పొడిగించుకోవాలి. ర్యాలీకో, ప్రదర్శనకో, పెట్రోలుకో, రిపేరుకో తప్ప తీయకూడదు. వాటితో పోలిస్తే పదకొండు నెలలు వదిలేసి ఒక్క నెల ఆపమనడం ఎక్కువా? పైగా ఆ నెలలో మన రోడ్ల మీద చల్లే ఉప్పు పాత బండి అడుగుభాగాన్ని ఎలా తినేస్తుందో నాకు తెలుసు. చట్టం చెప్పకపోయినా నేను తీసేదాన్ని కాదు.

ఒక్కటే కారుతో నెట్టుకొస్తున్న కుటుంబాలకి ఈ ప్లేటు రాదు. వాళ్లు ఎంత పాత బండికైనా ఏటా మొత్తం కడుతూనే ఉంటారు. రెండు మూడు బండ్లున్న మనం దొడ్డిదారిన ఆ డబ్బు మిగుల్చుకుంటే ఎవరి ముఖం చూడగలం? రేపు ఎవరో ఒకరు పట్టుబడి నియమాలు ఇంకా బిగిస్తే, ఆ దెబ్బ తగిలేది ప్రేమతో దాచుకున్నవాళ్లకి.

కమిటీకి నా మనవి ఇది. పాత కార్ల ముచ్చట సంక్రాంతికి వద్దు, జులై పిక్నిక్‌కి పెట్టండి. మనవాళ్ల గ్యారేజీల్లో పాత అకార్డులు, కరోలాలు ఇంకా ఉన్నాయి. మొదటి జీతంతో కొన్నవి, పిల్లల్ని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చినవి. రెండు వందల డాలర్లకి జంక్‌యార్డుకి అమ్మేసే ముందు ఒక్కసారి ఆలోచించండి. దాచుకోవాలనిపిస్తే ప్లేటు ఎలా తీసుకోవాలో నన్ను అడగండి, ఫారాలు కూర్చుని నింపిపెడతాను. రోజూ నడిపే బండికైతే మాత్రం అడగొద్దు, దయచేసి.

పిక్నిక్‌కి మా క్యామ్రీ నేనే నడుపుకుంటూ వస్తాను. కుడివైపు సీటు ఖాళీగా ఉంటుంది. ఆ వేసవికి మీ నాన్నగారో మామయ్యగారో ఊరి నుంచి వచ్చి ఉంటే తీసుకురండి, పార్కు చుట్టూ ఒక రౌండు తిప్పి తీసుకొస్తాను.