‘స్వల్ప సాంకేతిక కారణం’ వర్ధిల్లాలి

గాలిలో ఉన్న విమానానికి ఏదైనా తేడా చేసినప్పుడు కెప్టెన్ ప్రయాణికులకు ఎంతవరకు చెప్పాలన్న ప్రశ్నకు విజ్ఞులు ఎప్పుడో సమాధానం కనిపెట్టారు: ఏమీ చెప్పకూడదు, చెప్పక తప్పకపోతే ‘స్వల్ప సాంకేతిక కారణం’ అనాలి. టాయిలెట్ తలుపు పట్టేయడం మొదలు ఇంజిన్ ఊడిపోవడం దాకా సమస్తం ఆ మూడు మాటల్లో ఇముడుతుంది.

అయితే ఏ వృత్తిలోనైనా సంప్రదాయాన్ని చెడగొట్టేవారు ఉండనే ఉంటారు. 1982 జూన్ 24 రాత్రి ఇండోనేషియా మీదుగా పోతున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 విమానం గాలుంగుంగ్ అగ్నిపర్వతం కక్కిన బూడిదలో చిక్కుకున్నప్పుడు కెప్టెన్ ఎరిక్ మూడీ మైకు అందుకుని, మనకొక చిన్న సమస్య వచ్చిందనీ, నాలుగు ఇంజిన్లూ ఆగిపోయాయనీ, వాటిని మళ్లీ నడిపించడానికి శాయశక్తులా ప్రయత్నిస్తున్నామనీ, మీరు మరీ కంగారుపడటం లేదనుకుంటాననీ చెప్పేశాడు. మొదటి వాక్యం దాకా ఆయన మర్యాదస్తుడే. అక్కడితో ఆపకపోవడం వల్ల, కిటికీలోంచి వింత వెలుగు చూస్తూ, గంధకం వాసన కొట్టే పొగ పీలుస్తూ కూర్చున్న జనానికి అంతా సవ్యంగానే ఉందని నచ్చజెప్పే బంగారంలాంటి అవకాశం చేజారిపోయింది. ఆ తర్వాత ఇంజిన్లు రాజుకోవడం, విమానం జకార్తాలో దిగడం, అందరూ ప్రాణాలతో బయటపడటం వేరే సంగతి.

2009 జనవరి 15న ఇంజిన్లు ఆగిపోయిన విమానాన్ని న్యూయార్క్‌లోని హడ్సన్ నదిలో దించిన కెప్టెన్ సలెన్‌బర్గర్ కొంత నయం. తాకిడికి సిద్ధం కండి అని ముక్తసరిగా హెచ్చరించి ఊరుకున్నాడు. కానీ ఆ ఒక్క ముక్కలోనూ ప్రయాణికుడికి పనికొచ్చే విషయం ఉండిపోయింది, అదీ లోపం.

ముందు విమానం నడుపు, తర్వాత దారి చూసుకో, ఆ పైన మాట్లాడు అని పైలట్లకు నేర్పుతారు. ఇంజిన్లు ఆగినప్పుడు ఇంతకు మించిన ధర్మం లేదు. మాట్లాడటం చివర్న ఉందంటే మాట్లాడకపోయినా ఫరవాలేదని గ్రహించిన విమాన సంస్థలు మాత్రం, ఏ ఇబ్బందీ లేకుండా రన్‌వే పక్కన గంటలకొద్దీ నిలిచి ఉన్నప్పుడు సైతం ఆ నియమాన్ని నిష్ఠగా పాటిస్తున్నాయి.

పైగా మౌనం వల్ల కలిగే మేలు అంతా ఇంతా కాదు. మైకు మూగబోగానే ప్రయాణికుడు ఎయిర్‌ హోస్టెస్ కనుబొమలు చదవడం మొదలుపెడతాడు. ఆమె సగం వరసలకు కాఫీ పోసి, చప్పుడు కాకుండా ట్రాలీని వెనక్కి లాక్కెళ్లిందా, పక్క సీటాయన ఇంధనం అయిపోయిందంటాడు, వెనక సీటాయన చక్రం బిగుసుకుపోయిందంటాడు, అంతవరకు నిద్రపోతున్న మూడో ఆయన లేచి రెక్క విరిగిందని తేలుస్తాడు. ఇంతటి స్వేచ్ఛాయుత చర్చను ‘వాతావరణం బాగాలేదు, కాసేపు కుదుపులుంటాయి’ అన్న చప్పని నిజంతో ముగించడం ఏం న్యాయం?

అన్నిటికంటే ప్రమాదకరమైన పోకడ ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటస్ కెప్టెన్ రిచర్డ్ డి క్రెస్పిని తెచ్చిపెట్టాడు. 2010 నవంబరు 4న సింగపూర్‌లో బయలుదేరిన ఎ380 విమానం ఇంజిన్ ఒకటి బద్దలై రెక్కకు తూట్లు పడితే, విమానాన్ని క్షేమంగా వెనక్కి దించిన ఆ పెద్దమనిషి ప్రయాణికులను కలిసి, జరిగింది వివరించి, చాలదన్నట్టు తన ఫోన్ నంబరు కూడా ఇచ్చాడు. రేపు ఇదే అలవాటై, విమానం ఎందుకు ఆలస్యమైందో చెప్పమంటూ జనం విమాన సంస్థల పెద్దల నంబర్లు అడగడం మొదలుపెడితే ఆ ఫోన్లు ఎత్తేదెవరు?