మధ్యలో దాక్కుని పెత్తనం చేసే బ్యాటింగ్ గారికి

మహారాజశ్రీ బ్యాటింగ్ గారి సముఖానికి,

క్విల్ట్ అంటే ముక్కలు కలిపి కుట్టే బొంత, దాని పై బట్టకూ అడుగు బట్టకూ మధ్య పరిచే మెత్తటి పొర తమరు. ఆ క్విల్ట్ కుట్టేవాళ్లందరి తరఫునా రాసుకుంటున్న విన్నపం ఇది. పై బట్టకు రంగులు కుదుర్చుకోవడానికి మాకు నెలలు పడుతుంది. ముక్కలు కోసి, పావు అంగుళం కుట్టు అటూ ఇటూ కాకుండా కలిపి, ఇస్త్రీ చేసి, నలుగురికీ చూపించి మెప్పు కొట్టేస్తాం. తమరు గుర్తొచ్చేది అన్నీ అయ్యాకే. "లోపల ఏదో ఒకటి పెట్టేద్దాంలే, ఎవరికి కనపడుతుంది" అనుకుంటాం. ఆ మాట తమరి చెవిన పడినట్టుంది. అప్పటినుంచీ కక్ష కట్టారు.

కక్ష కాకపోతే ఏమిటండీ? క్విల్ట్ ఒంటిమీద మెత్తగా ఒదిగిపోతుందా, అట్టలా బిగుసుకు నిలబడుతుందా, వెచ్చగా ఉంటుందా, నాలుగు ఉతుకులకే లోపల ఉండలు కడుతుందా... అన్నీ తమరి చిత్తం. చాకిరీ పై బట్టది, పెత్తనం తమరిది.

తమరి వంశం సంగతి చూద్దామా. కాటన్ గారు పద్ధతైన మనిషి. పల్చగా ఉంటారు, గాలి ఆడనిస్తారు, మిషన్ మీద కుడుతుంటే బట్టను పట్టుకుని కదలరు. పాలియెస్టర్ గారు తేలిక, ఉబ్బు ఎక్కువ, ఉతికితే పెద్దగా కుంచించుకుపోరు. అయితే గాలి సరిగా ఆడనివ్వరు, ఇస్త్రీపెట్టె కాస్త వేడిగా తగిలిందా, కరిగి కూర్చుంటారు. ఉన్ని గారిది రాజవంశం. బరువు లేకుండా వెచ్చదనం ఇస్తారు, మడత పెట్టినా గీతలు పడనివ్వరు, చేతికుట్టు వేసేవాళ్ల సూదిని మర్యాదగా లోపలికి పంపిస్తారు. పురుగు పడుతుందేమోనన్న టెన్షన్ మాత్రం మాకు వదిలిపెడతారు. 80 పాళ్లు కాటన్, 20 పాళ్లు పాలియెస్టర్ కలిసినవారు అందరితోనూ సర్దుకుపోతారు కాబట్టి ఎటూ తేలనివాళ్లం వారి దగ్గరే చేరతాం. ఇక వెదురు అని పేరు పెట్టుకుని తిరిగేవారిలో చాలామంది నిజానికి వెదురు గుజ్జు నుంచి తీసిన రేయాన్. అంత మెత్తటి వెదురు ఎక్కడుందా అని మేమే అనుమానించాల్సింది.

ఇంతకీ తమరి అసలు చట్టం ఎక్కడుంది? కవర్ మీద, అందరూ చింపి పారేసే చోట, చిన్న అక్షరాల్లో. కుట్టుకూ కుట్టుకూ మధ్య దూరం ఎంత దాటకూడదో అక్కడే రాసి ఉంటుంది. ఒకరు 4 అంగుళాలు అంటారు, ఇంకొకరు 8 దాకా వెళ్లొచ్చంటారు, దయ కలిగినవారు 10 అంటారు. ఆ గీత దాటితే ఉతికినప్పుడు తమరు ఒక మూలకు జరిగి ముద్దవుతారు. పాతకాలం క్విల్టుల్లో అంత దగ్గర దగ్గరగా కుట్లు కనిపించడానికి సౌందర్యం ఒక్కటే కారణం కాదు. ఏకిన దూదికి ఆసరా ఏమీ ఉండదు కాబట్టి కుట్లతోనే దాన్ని కట్టడి చేసేవారు. ఇప్పుడు కొందరు తమరి కడుపులో స్క్రిమ్ అనే సన్నని వల వేసి జరక్కుండా పట్టి ఉంచుతున్నారు. గోడకు వేలాడదీసేవాటికి అది బాగుంటుంది. చేతికుట్టు వాళ్లకు మాత్రం ఆ వల దగ్గర సూది మొరాయిస్తుంది.

ఇక నూగు సంగతి. నల్ల బట్టలతో క్విల్ట్ కుట్టి చూడండి, వారం తిరక్కుండా తెల్ల పోగులు నేత సందుల్లోంచి తలలు బయటపెడతాయి. పీకితే ఒక పోగు పోదు, వెనకాల చుట్టాలందరినీ వెంటబెట్టుకు వస్తుంది. ముదురు రంగులకు నల్ల బ్యాటింగ్ వేస్తే కనీసం కనపడదు, దగ్గర నేత బట్ట వాడితే ఇంకా నయం. తెల్ల క్విల్టుకు అయితే చలువ చేయని కాటన్ వద్దు, పత్తి గింజ తునకల మచ్చలు లోపల్నుంచి కనపడతాయి.

సూదులతో పొడిచి తయారుచేసిన తమరికి ముందూ వెనకా కూడా ఉందట. వెలుతురులో పెట్టి చూస్తే ఒక వైపు సూదులు దిగిన చిన్న గుంటలు, రెండో వైపు పోగులు బయటికొచ్చి కట్టిన చిట్టి ఉండలు. గుంటల వైపు పైకి ఉండాలి, అప్పుడు మా సూది కూడా అదే దారిన దిగి పోగుల్ని అనవసరంగా పైకి లాగదు. ఇంత ముఖ్యమైన మాట కవర్ మీద పెద్ద అక్షరాల్లో వేస్తే తమరి సొమ్మేం పోయింది?

సరే, ఇంటికి తెచ్చాం. వెంటనే పనిలోకి దిగుతారా? దిగరు. చుట్టలో పడుకుని పడుకుని మడతలు పడ్డాయట, రాత్రంతా పరుచుకుని సేదదీరాలట. తొందరుంటే డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద తడిగుడ్డతో పది నిమిషాలు తిప్పాలి. కాటన్ గారికైతే ఉతుకు పేచీ కూడా ఉంది. 3 నుంచి 5 శాతం దాకా కుంచించుకుపోతారు. 90 అంగుళాల మీద 5 శాతమంటే నాలుగున్నర అంగుళాలు, చిన్న మాటేం కాదు. పాత క్విల్టులా ముడతలు పడాలని కోరుకునేవాళ్లు ఉతకకుండానే కుట్టేసి తర్వాత నీళ్లలో వేస్తారు. నున్నగా ఉండాలనేవాళ్లు ముందే గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, పిండకుండా నొక్కి నీళ్లు తీసి, బల్లపరుపుగా ఆరేస్తారు. కొన్నిటికి ముందుగా ఉతకడమే నిషేధం, అది కూడా ఆ కవర్ మీదే. 12 అంగుళాల చదరం కోసి ఉతికి కొలిస్తే తమరి బండారం బయటపడుతుంది. చిరాకుపడి ఎవరైనా వాషింగ్ మిషన్‌లో గిరగిరా తిప్పారా, బయటికి తీసేది బ్యాటింగ్ కాదు, పీలికలు.

నాలుగు వైపులా 3, 4 అంగుళాలు ఎక్కువ ఉండాలన్న తమరి షరతు న్యాయమైనదే, కుడుతూ పోతే పొర లోపలికి లాక్కుంటుంది. కానీ ఆ తర్వాత మిగిలిన పీలికల మాటేమిటి? పారేయబుద్ధి కాదు, దాచడానికి చోటుండదు. అందుకని అంచుకు అంచు ఆనించి, ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా, వదులుగా జిగ్‌జాగ్ కుట్టేసి ఇంకో క్విల్ట్‌లో పెట్టేస్తున్నాం. ఒకే లావు, ఒకే రకం అయితేనే. దీనికి తమరి అభ్యంతరం ఏమైనా ఉంటే ఇప్పుడే తెలపాలి. పై బట్ట సిద్ధంగా ఉంది, పిన్నుల డబ్బా తెరిచే ఉంది.

ఇట్లు,
తమరి చిన్న అక్షరాలు భూతద్దంతో చదువుతున్న
క్విల్ట్ కుట్టే ఒక మనిషి