వసూళ్లు సరే, ఆ షాట్ చేసిందెవరు?

పెద్ద తెలుగు సినిమా విడుదలైన రోజు మన సంఘం వాట్సాప్ గ్రూపు చదివితే చెన్నైలో ఉన్న తెలుగువాళ్లంతా డిస్ట్రిబ్యూటర్లేమో అనిపిస్తుంది. నైజాం ఎంత, సీడెడ్ ఎంత, ఓవర్సీస్ ప్రీమియర్లు ఎంత. వడపళనిలో కూర్చుని ఉత్తరాంధ్ర షేర్ మీద పోట్లాడుకుంటాం. సాయంత్రానికి రెండో రకం మెసేజీలు మొదలవుతాయి: "గ్రాఫిక్స్ తేలిపోయాయి బ్రో." ఏ సీన్లో తేలిపోయాయి, ఎందుకు తేలిపోయాయి అని అడిగేవాళ్లు ఉండరు. అడిగినా చెప్పడానికి ఎవరి దగ్గరా సరుకుండదు. మనం రోజూ తిరగేసే సైట్లు అది ఇవ్వవు, ఇమ్మని మనమూ అడగం.

సినిమా వార్తలకు ఏ సైటు మంచిదని సంఘంలో కొత్తగా చేరిన కుర్రాళ్లు అడుగుతుంటారు. నేను చూసేది ఒకటే. ఒక పని గురించి రాసినప్పుడు ఆ పని చేసిన మనిషి పేరు, చేసిన తీరు అందులో ఉన్నాయా? ఉంటే ఆ సైటుకు మళ్లీ వెళ్తాను. లేకపోతే అది పోస్టర్ కింద రాసిన నాలుగు లైన్లు, అంతకన్నా ఏమీ కాదు.

ముందు వసూళ్ల సంగతి తేల్చేద్దాం. అమెరికాలో థియేటర్ల లెక్కల్ని కామ్‌స్కోర్ లాంటి సంస్థలు సేకరిస్తాయి. బాక్సాఫీస్ మోజో లాంటి సైట్లో ఎవరైనా చూసుకోవచ్చు. మన దగ్గర అలా అందరికీ తెరిచిపెట్టిన లెక్క లేదు. నిర్మాత వేసిన పోస్టరో, ట్రేడ్ వర్గాల అంచనానో, ఏదో ఒకటి నమ్ముకోవాలి. పైగా గ్రాస్ అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం. అందులో పన్ను తీసేస్తే నెట్. థియేటర్ అద్దె కూడా పోయాక డిస్ట్రిబ్యూటర్ చేతికొచ్చేది షేర్. ఒక హీరో గ్రాస్‌ని ఇంకో హీరో షేర్‌తో పోల్చి అర్ధరాత్రి దాకా కొట్టుకున్న ఘనత మన గ్రూపుది. ఏది గ్రాసో ఏది షేరో విడదీసి, అంచనాని అంచనా అనే రాసే సైటు ఒక్కటి చూసుకుంటే చాలు. దీని మీద ఇంతకన్నా టైము పెట్టక్కర్లేదు.

అసలు చదవాల్సిందంతా విజువల్ ఎఫెక్ట్స్ (వీఎఫ్ఎక్స్) వైపు ఉంది. ఈ ఊళ్లో ఉంటూ మనం దాన్ని పట్టించుకోకపోవడం నాకు వింతగా ఉంటుంది. ఇప్పుడు వడపళనిలో మాలూ ఆసుపత్రీ ఉన్న చోటే ఒకప్పటి విజయా వాహినీ స్టూడియో. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో మనం చూసే ద్వారక, సుమారు 300 బుల్లి ఇళ్లతో 50 అడుగులు బై 60 అడుగుల జాగాలో కట్టిన మినియేచర్ ఊరు. దాన్ని నిజం ఊరని నమ్మించింది మార్కస్ బార్ట్లీ కెమెరా. 1961 నాటి ‘సీతారామ కల్యాణం’లో ఎన్టీఆర్‌కి పది తలలు తెప్పించినాయన రవికాంత్ నగాయిచ్. అప్పట్లో దీన్ని ట్రిక్ ఫొటోగ్రఫీ అనేవారు. లెన్సులో కొంత భాగాన్ని మాస్కుతో మూసి, మిగతా భాగంలో ఒకసారి షూట్ చేసి, ఫిల్మ్ వెనక్కి తిప్పి, ఈసారి మూసిన భాగం తెరిచి మళ్లీ షూట్ చేసేవారు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా మొత్తం పోయినట్టే. ఇవాళ స్టూడియోల్లో మన పిల్లలు రోటో పేరుతో చేస్తున్నది కూడా ఆ మాస్కు పనే. కాకపోతే కదిలే మనిషి చుట్టూ, ఫ్రేము ఫ్రేముకీ గీయాలి. సెకనుకు 24 ఫ్రేములు.

మా వీధిలో ఒక తెలుగమ్మాయి ఇలాంటి స్టూడియోలోనే పెయింట్ ఆర్టిస్టు. రంగులు వేసే పెయింటింగ్ కాదు, షాట్‌లో ఉండకూడనివి చెరిపే పని. ఒక పెద్ద సినిమాలో ఏం చేశావమ్మా అని అడిగితే, "హీరో వెనకాల రోప్ చెరిపాను అంకుల్, మొత్తం పదకొండు సెకన్లు" అంది. అంటే 264 ఫ్రేములు. తాడు చెరిపితే అయిపోదు, తాడు వెనక ఏముండాలో అది మళ్లీ అల్లాలి. పైగా వాన సీను. టైటిల్స్‌లో స్టూడియో పేరు పడింది, ఆ అమ్మాయి పేరు పడలేదు. ఈ రంగంలో ఇది మామూలే. టైటిల్స్ నిడివికి కోత పడితే ముందు పోయేవి రోటో, పెయింట్ వాళ్ల పేర్లే.

ఇక ఎక్కడ చదవాలంటే, ఒకప్పుడు సినీఫెక్స్ అనే ఇంగ్లిష్ పత్రిక ఉండేది. 1980లో డాన్ షే అనే ఆయన కాలిఫోర్నియాలో మొదలుపెట్టాడు. ఒక్కో సినిమా మీద పేజీలకు పేజీలు, ఏ షాట్ ఎలా తీశారో పనివాళ్ల నోటితోనే చెప్పించేవారు. 172 సంచికలు నడిచి 2021లో ఆగిపోయింది. ఆ లోటు పూర్తిగా తీర్చింది ఏదీ లేదు గానీ, ఇప్పుడు ఉచితంగా చదవడానికి మంచివే ఉన్నాయి. కొత్తవాళ్లయితే ఇయాన్ ఫెయిల్స్ నడిపే బిఫోర్స్ అండ్ ఆఫ్టర్స్‌తో మొదలుపెట్టండి, భాష తేలిక. ది ఆర్ట్ ఆఫ్ వీఎఫ్ఎక్స్‌లో ఎఫెక్ట్స్ పనిని నడిపించే సూపర్వైజర్లతో ప్రశ్నలు జవాబులు ఉంటాయి. ఏ స్టూడియో ఎన్ని షాట్లు చేసింది, ఏది కష్టమైంది అని వరసగా చెబుతారు, కొన్నిచోట్ల విసుగు కూడా పుట్టిస్తారు. ఎఫ్ఎక్స్‌గైడ్ 1999 నుంచి ఉంది. అది కాస్త గట్టి సరుకు, లెక్కల్లోకి దిగుతుంది. విజువల్ ఎఫెక్ట్స్ సొసైటీ వాళ్ల పత్రిక వీఎఫ్ఎక్స్ వాయిస్ కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఇవన్నీ ఇంగ్లిష్‌వే, ఆ బాధ గురించి తర్వాత చెబుతాను.

మన సినిమాల గురించి వెతికేటప్పుడు సినిమా పేరు కొడితే ట్రైలరూ గాసిప్పూ తప్ప ఏం రావు. సూపర్వైజర్ పేరు కొట్టండి. ‘బాహుబలి’ మొదటి భాగానికి, ‘ఆర్ఆర్ఆర్’కి శ్రీనివాస మోహన్. ‘మగధీర’కీ ‘బాహుబలి’ రెండో భాగానికీ ఆర్.సి. కమలకణ్ణన్. ‘ఈగ’ అయితే హైదరాబాద్ స్టూడియో మకుట పేరు కలపండి. అప్పుడు అసలు మాటలు బయటికొస్తాయి.

ఇలా కొంతకాలం చదివితే "తేలిపోయాయి" అనే మాట మీద మన దృష్టి మారుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో నటుణ్ని తీసి, వెనకాల సంధ్యవేళ కోట పెడితే ఎంత గొప్ప కోటయినా అతుక్కోదు. ఎందుకంటే ముఖం మీద నీడ ఒక వైపు, కోట మీద నీడ ఇంకో వైపు. అందుకే సెట్లో ప్రతి షాట్‌కీ ఒక బూడిదరంగు బంతి, ఒక అద్దంలా మెరిసే బంతి పట్టుకుని ఫొటోలు తీస్తారు. వెలుతురు ఎటు నుంచి ఎంత పడుతోందో కంప్యూటర్ వాళ్లకి ఆ బంతులే చెబుతాయి. "లేటవుతోంది, పక్కకి జరుగు బాబూ" అని ఆ బంతులు పట్టుకున్న కుర్రాణ్ని తోసేసిన రోజే ఆ షాట్ సగం పాడైంది. కాళ్ల కింద నీడ సరిగ్గా లేకపోతే పులి నేల మీద కాకుండా గాల్లో నడుస్తున్నట్టుంటుంది. ఇవి కాక ఎడిటింగ్ ఆఖరి వారం దాకా మారుతూ ఉంటుంది. రిలీజ్ డేట్ మాత్రం ముందే ప్రకటించేస్తారు, అది కదలదు. కదలనిది తేదీ, కదిలేది ఎడిట్. మధ్యలో నలిగేది ఆర్టిస్టులు.

డబ్బు తక్కువై గ్రాఫిక్స్ బాగాలేదనే వాదన కూడా నిలవదు. హాలీవుడ్‌తో పోలిస్తే చాలా తక్కువ బడ్జెట్‌లో తీసిన జపాన్ సినిమా ‘గాడ్జిల్లా మైనస్ వన్’ 2024లో విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ గెలిచింది. 610 షాట్లు, చేసినవాళ్లు దాదాపు 35 మంది. దర్శకుడు తకాషి యమజాకీయే ఎఫెక్ట్స్ సూపర్వైజర్ కూడా. ఆర్టిస్టుల పక్కనే కూర్చుని అక్కడికక్కడ ఓకే చెప్పడమో మార్చమనడమో చేశాడు. షాట్ ఖరారు చేయడానికి నలుగురి సంతకాల కోసం ఎదురుచూసే చోట ఎంత బడ్జెట్ పోసినా ఈ వేగం రాదు. పాన్ ఇండియా బడ్జెట్లను పోస్టర్ల మీద అచ్చేసుకునే మన నిర్మాతలు ఆ ఇంటర్వ్యూలు చదివితే బాగుండు.

చదివేదాన్ని గుడ్డిగా నమ్మమని కాదు. "అంతా నిజంగానే తీశాం, గ్రాఫిక్స్ లేవు" అని చెప్పుకోవడం ఇప్పుడు హాలీవుడ్ ప్రచారంలో ఒక ఫ్యాషన్. ‘టాప్ గన్: మావరిక్’లో నటుల్ని నిజమైన విమానాల్లో కూర్చోబెట్టి తీసిన మాట వాస్తవమే. అదే సినిమాలో ఎఫెక్ట్స్ షాట్లు 2,400 దాకా ఉన్నాయి. వార్తల సైట్లు మొదటి సగాన్నే వాయించాయి. వీఎఫ్ఎక్స్ సైట్లు చదివినవాళ్లకే రెండో సగం తెలిసింది. స్టూడియోలు వదిలే బ్రేక్‌డౌన్ వీడియోలు కూడా ఒక రకం ప్రకటనలే. పచ్చ తెర పోయి రాజ్యం రావడం చూపిస్తారు గానీ, ఆ రాజ్యాన్ని ఎన్నిసార్లు తిప్పి పంపారో చూపించరు. యూట్యూబ్‌లో సీన్లు ఆపి ఆపి ఈకలు పీకే వీడియోలు సరదాగా ఉంటాయి, నేనూ చూస్తాను. అవి చూసి అందరూ జడ్జీలైపోవడమే చికాకు.

ఇంకో మాట. చెన్నై, బెంగళూరుల్లో ఉన్న మనకు ఇవి ఉద్యోగ వార్తలు. 2013 ఫిబ్రవరిలో ‘లైఫ్ ఆఫ్ పై’ పులికి ఆస్కార్ వచ్చింది. ఆ పని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ అంతకు రెండు వారాల ముందే దివాలా పిటిషన్ వేసింది. దానికి హైదరాబాద్‌లోనూ శాఖ ఉండేది. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ అనే పెద్ద ఎఫెక్ట్స్ కంపెనీ కూలిపోయినప్పుడు దాని కింద ఉన్న ఎంపీసీ, ది మిల్ లాంటి పేరున్న స్టూడియోలతో పాటు బెంగళూరులో వేలమంది ఉద్యోగాలు ఊగిపోయాయి. ఆ వారం మన గ్రూపులో మాత్రం ఎప్పటిలాగే షేర్ల గొడవ. పిల్లల్ని లక్షల ఫీజు కట్టి యానిమేషన్ కోర్సులో చేర్చే తల్లిదండ్రులు, బ్రోషర్ చదివినంత శ్రద్ధగా ఈ రంగం వార్తలు కూడా చదవాలి. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. స్టూడియోల్లో వాడే న్యూక్, హౌడినీ సాఫ్ట్‌వేర్లకీ నేర్చుకునేవాళ్ల కోసం ఉచిత వెర్షన్లు ఉన్నాయి. ఆరు నెలలు ఇంట్లో చేసి చూసుకుని, ఓపిక ఉందో లేదో తేలాక ఫీజు కట్టొచ్చు.

ఇప్పుడు ఆ ఇంగ్లిష్ బాధ. ఐడిల్‌బ్రెయిన్ లాంటి సైట్లు 1990ల చివర్లోనే తెలుగు సినిమాని ఇంటర్నెట్‌లోకి తెచ్చాయి, అదీ ఇంగ్లిష్‌లోనే. అంతకుముందు ఈ ఊరి నుంచే వచ్చిన ‘విజయచిత్ర’ తెలుగులో సినిమా చదివే అలవాటు చేసింది. దేశంలోనే పెద్ద ఎఫెక్ట్స్ సినిమాలు తెలుగులో వస్తున్న ఈ రోజుల్లో, ఒక షాట్ ఎలా చేశారో తెలుగులో వివరంగా చదువుదామంటే వెతుక్కోవాల్సి వస్తోంది. రాయగలిగినవాళ్లు లేక కాదు. ఈ ఊళ్లోనే సాలిగ్రామంలో, ఓఎంఆర్ రోడ్డులో రోజూ ఆ పనే చేస్తున్నవాళ్లు మన సభ్యత్వ జాబితాలోనే ఉన్నారు. వాళ్లని సంక్రాంతి సంబరాల్లో స్టేజీ వెనక ప్రొజెక్టర్ సరిచేయడానికి పిలుస్తాం, మన సంఘం పత్రికకు రాయమని పిలవం.

అందుకే సంపాదకవర్గానికి నా ప్రతిపాదన: ప్రతి సంచికలో రెండు పేజీలు, ఒకే ఒక షాట్. విడుదలైన సినిమా అయ్యుండాలి, స్టూడియో అనుమతి ఉండాలి, చేసినవాళ్లందరి పేర్లూ ఉండాలి. రోటో, పెయింట్ వాళ్లతో సహా. వాళ్లు నోటితో చెబితే తెలుగులో రాసిపెట్టే పని నేను చేస్తాను. రోప్ చెరిపిన అమ్మాయిని ఇప్పటికే అడిగాను. తనకి ఇష్టమే. స్టూడియో వాళ్లు సినిమా ఓటీటీలోకి వచ్చాక చూద్దామన్నారట. కాబట్టి ఉగాది సంచికకు ఇంకెవరైనా ముందుకొస్తే మంచిది.