లాగడమే సార్

నిన్న ఆదివారం పొద్దున్న జరిగింది. కుడి భుజం ఇంకా పైకి లేవడం లేదు, ఎడమ బొటనవేలితో టైపు చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

మాది విశాఖపట్నంలో పెదజాలరిపేట. నాన్నకి ఫైబర్ తెప్ప ఉంది. నేను ద్వారకానగర్‌లో ఏసీ గదిలో కూర్చుని బిల్లులు కొట్టే ఉద్యోగిని. అంటే మా ఇంట్లో మోటారు గురించి ఏమీ తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే, ఫోన్‌లో నాలుగు వీడియోలు చూసి అన్నీ తెలిసినట్టు మాట్లాడేవాణ్ణీ నేనొక్కణ్ణే.

పాత ఔట్‌బోర్డు, అంటే తెప్ప వెనక చెక్కకి బిగించే మోటారు, పదకొండేళ్లు లాక్కొచ్చింది. ఉప్పునీటికి ఒళ్లంతా పొక్కులు, కంప్రెషన్ లేదు, గేర్ ఆయిలు తీస్తే పాలపొడి కలిపిన టీలా వచ్చింది. సీలు పోయి లోపలికి నీళ్లు దిగితే అలా తెల్లబడుతుంది. మెకానిక్ ముప్పై ఎనిమిది వేలు చెప్పాడు, చెప్పి గ్యారంటీ లేదన్నాడు. కొత్తదైతే లక్షన్నర పైమాటే అన్నారు. సబ్సిడీ కోసం ఒక ఆఫీసుకి మూడుసార్లు వెళ్లాను. మూడోసారి ఆయన మా ఫొటో చూసి, ఇందులో తెప్పకి మోటారు లేదు కదా అన్నాడు. మోటారు లేకే కదండీ మీ దగ్గరికొచ్చింది అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మోటారున్న వాటికే నిషేధం, తెడ్డేసుకుని పోయే తెప్పలకి లేదు. మరి మోటారు ఉండి తిరగని తెప్ప ఏ లెక్కలోకి వస్తుందని నాన్న నన్ను గట్టిగానే అడిగాడు. ఆ ఆఫీసులో అడుగుదామనుకున్నా గానీ అప్పటికే నా మొహం అక్కడ చెల్లడం లేదు. నిషేధం తీరడానికి ఇంక ఆరు రోజులుందనగా, నిషేధానికి ప్రభుత్వం ఇచ్చిన ఇరవై వేలు, అమ్మ చీటీ డబ్బులు, నా జీతంలో మిగిలిన తుక్కూ కలిపి జేబులో పెట్టుకుని వన్‌టౌన్ వైపు ఒక సెకండ్‌హ్యాండ్ షాపుకి వెళ్లి మోటారు తెచ్చేశాను. నలభై ఆరు వేలు. షాపాయన ఏది అడిగినా ఒకటే జవాబు: "అన్నీ ఉన్నాయి సార్, తీసుకెళ్లి లాగడమే." డబ్బులు లెక్కపెట్టుకున్నాక సొరుగులోంచి ఎర్రటి మెలికల వైరు ఒకటి తీసి, "ఇదీ ఉంచండి" అని చేతిలో పెట్టాడు. పాతకాలం ల్యాండ్‌లైన్ ఫోన్ వైరులా సాగుతోంది, ముద్దుగా ఉంది. నలభై ఆరు వేలు తీసుకుని కీచైన్ ఫ్రీగా ఇచ్చాడు, మంచివాడే అనుకున్నాను.

పొద్దున్న ఆరున్నరకి ఒడ్డున నీలం ప్లాస్టిక్ డ్రమ్ము నిండా నీళ్లు పోసి, అడ్డంగా దుంగ కట్టి మోటారు బిగించాం. నీళ్లు లేకుండా తిప్పితే లోపల నీళ్లు తోడే రబ్బరు చక్రం మాడిపోతుంది, అది వీడియోలో చూశాను, అందరికీ రెండేసి సార్లు చెప్పాను కూడా. లీటరు పెట్రోలుకి ఇరవై మిల్లీ లీటర్ల ఆయిలు, పాప దగ్గు మందు మూతతో కొలిచి పోశాను. నాన్న చుట్ట వెలిగించుకుని దూరంగా కూర్చుని, "షాఫ్టు కొలిసావా?" అన్నాడు. మోటారు నుంచి కింద ఫ్యాను దాకా దిగే కాడ పొడవు అన్నమాట. "అన్నీ చూశాను నాన్నా" అన్నాను.

లాగాను. గుర్ర్ మని తాడు వచ్చింది, వెనక్కి పోయింది. అంతే.

మొదటి పది లాగుళ్లకీ ఎవరూ పట్టించుకోలేదు. పదిహేనో దానికి పక్క తెప్ప వాళ్లు వల బాగుచేసుకోవడం ఆపారు. ఇరవయ్యో దానికి మావ వచ్చి చోక్ లాగమన్నాడు, సిన్నాన్న వచ్చి చోక్ తొయ్యమన్నాడు, ఇద్దరికీ పాత తగాదా ఒకటుంది, అది అక్కడే మళ్లీ మొదలైంది. నేను మధ్యలో చోక్‌ని లోపలికీ బయటికీ ఆడిస్తూ లాగుతూనే ఉన్నా. ప్లగ్గు విప్పితే పెట్రోలు కారుతోంది. "తాగేసిందిరా" అన్నారు. లుంగీ అంచుతో తుడిచి, ఊది, వాసన చూసి, చేతులు మారి, అయిదుగురు వాసన చూశాక (అయిదో ఆయనెవరో నాకిప్పటికీ తెలీదు) మళ్లీ బిగించాం. గంగమ్మకి కొబ్బరికాయ కొట్టకుండా మోటారు ముట్టుకున్నావని పెద్దమ్మ కేకలేసింది. కాయ తెచ్చారు, అది నా మీదే కొట్టారనిపించేంత దగ్గరగా కొట్టారు. కుళ్లిపోయింది. కుళ్లితే మంచిదే అన్నారు కొందరు, వాళ్ల మొహాలు చూస్తే అలా అనిపించలేదు.

ఈలోగా బీచ్ రోడ్డులో వాకింగ్‌కొచ్చిన జనం గోడ మీద చేరారు. ట్రాక్ ప్యాంటు కుర్రాడొకడు ఫోన్ పట్టుకుని కిందికే దిగొచ్చి, "బ్రో, ఇంకోసారి లాగండి, వెనక సూర్యుడు బాగా పడుతున్నాడు" అన్నాడు. సిగ్గులేకుండా లాగాను. పొట్ట లోపలికి పీల్చుకుని మరీ లాగాను.

నలభై నిమిషాలు. ఎనభై దాకా లెక్కపెట్టి మానేశాను. షాపాయనకి ఫోన్ చేస్తే రింగవుతోంది, తియ్యడు. అమ్మేటప్పుడు రెండో రింగుకే ఎత్తిన మనిషి. చివరికి బావ విసిగిపోయి, "ఇలా అయితే తెల్లారదు గానీ బండి తాళం ఇయ్యి, హార్బర్ కెళ్లి మెకానిక్కుని ఎక్కించుకొస్తా" అన్నాడు.

జేబులోంచి తీసి ఇచ్చాను. తాళం, దానికి ఎర్ర వైరు, వైరు చివర చిన్న ప్లాస్టిక్ ముక్క.

బావ దాన్ని చూశాడు. మోటారు వైపు చూశాడు. నా వైపు మాత్రం చూడలేదు, అది ఆయన సంస్కారం. తాళం వేలాడుతుండగానే ఆ ముక్కని తీసుకెళ్లి మోటారు ముందున్న ఎర్ర బొత్తాం కింద టిక్కున దూర్చాడు. ఆ వైరు నడిపేవాడి చేతికి కట్టుకోవాలట, మనిషి నీళ్లలో పడితే క్లిప్పు ఊడి మోటారు ఆగిపోతుంది. క్లిప్పు లేకపోతే స్పార్కే రాదు, నేను కాదు కదా ఏనుగు లాగినా రాదు. మా పాతదానికి ఈ సదుపాయం ఎప్పుడో తెగిపోయి వైర్లు ముడేసి ఉన్నాయి, అందుకే అంతమందిలో ఎవరికీ తట్టలేదు. నాకు తట్టకపోవడానికి వేరే కారణాలున్నాయి.

నాలుగో లాగుకి అందుకుంది. నీలం పొగ గోడ దాకా పోయింది. మోటారుని చల్లబరిచిన నీళ్లు బయటికొచ్చే చిన్న కన్నంలోంచి సన్నగా ధార లేచి, "నే ముందే చెప్పాను చోక్ తొయ్యమని" అంటున్న సిన్నాన్న పంచె మీద, పడకూడని చోటే పడింది. మోటారు ఊగినప్పుడల్లా నా స్కూటర్ తాళం గలగలమంటోంది. ట్రాక్ ప్యాంటు కుర్రాడు అదంతా తీశాడు. ఎక్కడైనా కనిపిస్తే నాకు పంపకండి.

అప్పుడు షాపాయన ఫోన్ చేశాడు. "క్లిప్పు ఇచ్చాను కదా సార్" అన్నాడు.

ఫోన్ పెట్టేసేసరికి నాన్న చుట్ట పక్కన పెట్టి, టేపు పట్టుకుని మోటారు పక్కన కూర్చుని ఉన్నాడు. షాఫ్టు పదిహేను అంగుళాలు. లేచి వెళ్లి తెప్ప వెనక చెక్క ఎత్తు కొలిచాడు. ఇరవై. అయిదు అంగుళాలు పొట్టి, నీళ్లలోకి బిగిస్తే ఫ్యాను సగం గాలిలోనే తిరుగుతుంది.

టేపు చుట్టి జేబులో పెట్టుకుని, "రంపం ఎక్కడుంది?" అని అమ్మని అడిగాడు. చెక్క కొయ్యడానికే అనుకుంటాను. నేను స్కూటర్ తాళం ఊడదీసుకుని ఇంటికొచ్చేశాను.