హంతకుడి పేరు చెప్పకుండా నవల అమ్మాలి

అపరాధ పరిశోధన నవలలు రాసేవాళ్లకు మిగతా నవలాకారులకు లేని చిక్కు ఒకటుంది. పుస్తకంలో దేని మీద ఎక్కువ కష్టపడ్డారో, దాని గురించే బయట నోరెత్తకూడదు. ప్రేమకథ రాసినాయన హీరో హీరోయిన్ల గురించి గంటసేపు మాట్లాడొచ్చు. చారిత్రక నవల రాసినావిడ యుద్ధం ఎలా ముగిసిందో చెప్పేసినా ఎవరూ ఏమీ అనుకోరు. క్రైమ్ రచయిత మాత్రం ఎవరు చంపారో చెప్పకూడదు, ఎందుకు చంపారో చెప్పకూడదు, మూడో అధ్యాయంలో ఏమీ ఎరగనట్టు పడేసిన ఆధారం చివర్లో ఎలా పేలిందో అసలే చెప్పకూడదు. నెలల తరబడి నిద్ర మానుకుని బిగించిన ముడి అదే. ప్రచారానికి కూర్చోబెట్టి, అదొక్కటి వదిలేసి ఇంకేదైనా మాట్లాడమంటారు.

దాంతో రచయితలు తమ గురించి మాట్లాడుకోవాల్సి వస్తుంది. ఐడియాలు ఎక్కడ్నుంచి వస్తాయి, మీ డిటెక్టివ్‌లో మీరెంత ఉన్నారు, ఇన్ని విషాల గురించి మీకెలా తెలుసు, మీ ఇంట్లోవాళ్లకు భయం వేయదా. ఏ సభకెళ్లినా ఇవే ప్రశ్నలు, అవే నవ్వులు. విషాల ప్రశ్నకు అగాథా క్రిస్టీ దగ్గర మంచి జవాబే ఉండేది, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆస్పత్రి మందుల విభాగంలో పనిచేశారు కనుక. కానీ ఆవిడకు జనంలోకి వెళ్లి మాట్లాడటమే ఇష్టం ఉండేది కాదు. 1926 డిసెంబరులో పదకొండు రోజులు కనిపించకుండా పోయి హారోగేట్ పట్టణంలో ఒక హోటల్లో తేలినప్పుడు, ఇదంతా పుస్తకాలు అమ్ముకోవడానికి వేసిన ఎత్తు అన్నవాళ్లు లేకపోలేదు. ఈరోజు బ్రిటన్‌లో పేరున్న క్రైమ్ రచయితల పండగ ఏటా జులైలో జరిగేది ఆ హారోగేట్‌లోనే, ఆ హోటల్లోనే. పేరు మార్చుకుని ఆవిడ తలదాచుకున్న చోట ఇప్పుడు రచయితలు మెడలో బ్యాడ్జీలు వేసుకుని తిరుగుతుంటారు.

ప్రచారం కోసం పాట్లు పడటం ఈ తరంతో మొదలవలేదు. 1905లో ఎడ్గార్ వాలెస్ ‘ది ఫోర్ జస్ట్ మెన్’ నవలను సొంతంగా అచ్చు వేసి, మూసి ఉన్న గదిలో మంత్రి ఎలా హత్యకు గురయ్యాడో కనిపెట్టినవాళ్లకు 500 పౌండ్ల బహుమతులని ఊదరగొట్టాడు. సరైన జవాబు పంపినవాళ్లలో ఎంతమందికి ఇస్తాడో షరతుల్లో రాయలేదు. జవాబులు వచ్చిపడ్డాయి. పుస్తకం బాగా అమ్ముడైంది, రచయిత అప్పుల్లో మునిగాడు. చివరికి పత్రికాధిపతి ఆల్ఫ్రెడ్ హార్మ్స్‌వర్త్ దగ్గర డబ్బు తెచ్చుకుని గట్టెక్కాల్సి వచ్చింది. జార్జ్ సిమెనాన్ ఇంతకంటే తెలివైనవాడు. 1931 ఫిబ్రవరిలో తన పోలీసు డిటెక్టివ్ మేగ్రే నవలల ఆవిష్కరణకు పారిస్‌లో ఒక నైట్‌క్లబ్‌లో పార్టీ పెట్టి, వచ్చిన అతిథుల వేలిముద్రలు గుమ్మం దగ్గరే తీయించాడు. పుస్తకంలో ముక్క కూడా బయటపెట్టకుండా పుస్తకం రుచి చూపించడమంటే అది.

వాలెస్‌ది ఒక పోటీ, సిమెనాన్‌ది ఒక రాత్రి. ఇప్పటి రచయితకు ఏడాది పొడవునా ఇదే పని.

క్రైమ్ సిరీస్ రాసేవాళ్ల దగ్గర్నుంచి పబ్లిషర్లు ఏడాదికో పుస్తకం ఆశిస్తారు. ఈ లెక్కన ఏ రోజు చూసినా వాళ్ల బుర్రలో మూడు పుస్తకాలు ఉంటాయి. ఒకటి ఇప్పుడే షాపుల్లోకి వచ్చింది, దాని గురించి మాట్లాడాలి. రెండోది ఎడిటర్ దగ్గర్నుంచి తిరిగొచ్చింది, దిద్దాలి. మూడోది మొదలుపెట్టారు, పన్నెండో అధ్యాయం దగ్గర ఆగిపోయింది. సభలో ముందు వరసలో కూర్చున్న పాఠకురాలు నిన్న రాత్రే పుస్తకం ముగించి వచ్చింది. పక్కింటి ముసలావిడ మొదటిసారి పోలీసులకు అబద్ధం ఎందుకు చెప్పిందని అడుగుతుంది. రచయిత ఆ పేజీ రాసి ఏడాది దాటింది. పైగా ఆ ముసలావిడను తర్వాతి పుస్తకంలో చంపేశాడు, అది ఇంకా అచ్చు కాలేదు. ఏ మాట ఏ పుస్తకంలోదో గుర్తు తెచ్చుకుంటూ, నోరు జారకుండా, నవ్వుతూ జవాబు చెప్పాలి. రైల్లో వచ్చేటప్పుడు తన పుస్తకం తనే తిరగేసుకునే రచయితలున్నారంటే అందుకే.

వేదిక మీద పద్ధతి దాదాపు ఎక్కడైనా ఒకటే. నలుగురు రచయితలు, ఒక మోడరేటర్, గంటకు కాస్త తక్కువ సమయం. ప్రశ్నలకు పది నిమిషాలు పోతే ఒక్కొక్కరికి దక్కేది పది నిమిషాలు కూడా కాదు. అసలు పరీక్ష ఆ తర్వాత, సంతకాల బల్ల దగ్గర. నలుగురినీ వరసగా కూర్చోబెడతారు. పేరు మోసినాయన ముందు క్యూ తలుపు దాటి వెళ్తుంది. పక్కనున్న కొత్త రచయిత్రి ముందు ఇద్దరు నిలబడతారు, అందులో ఒకరు బాత్రూం ఎటువైపని అడగడానికి వచ్చినవారు. పెద్దాయన క్యూలో ఉన్నవాళ్ల పేర్లు తప్పుపోకుండా షాపువాళ్లు పసుపు చీటీల మీద ముందే రాయించి టైటిల్ పేజీకి అంటిస్తుంటారు. ఈవిడ పెన్ను మూత తీసి పెడుతుంది, తీసి పెడుతుంది. క్యూ తరిగేదాకా లేచి వెళ్లడానికి లేదు, బాగుండదు. మరీ మంచివాళ్లయితే ఆ పెద్దాయనే తన క్యూలో ఉన్నవాళ్లతో ఈవిడ పుస్తకం కూడా చూడండని అంటాడు. క్రైమ్ రచయితల్లో ఇలాంటివాళ్లు ఎక్కువేనని ఈ రంగంలో చాలామంది చెప్పే మాట.

ఇప్పుడు డబ్బు సంగతి. బ్రిటన్‌లో పేపర్‌బ్యాక్ మీద రచయితకు వచ్చే రాయల్టీ సాధారణంగా 7.5 శాతం చుట్టూ ఉంటుంది. 9.99 పౌండ్ల పుస్తకం మీద 75 పెన్నీలు. సభ బాగా జరిగి ఇరవై కాపీలు అమ్ముడైతే పదిహేను పౌండ్లు. రైలు టిక్కెట్టు కూడా రాదు. ఆ పదిహేనైనా వెంటనే చేతికొచ్చేవి కావు, ముందే తీసుకున్న అడ్వాన్సులో జమ అవుతాయి. అడ్వాన్సు తీరేదాకా రాయల్టీ కాగితం మీద అంకే. భారీగా డిస్కౌంటు ఇచ్చి అమ్మితే ఆ శాతం కూడా తగ్గుతుంది. అక్కడి రచయితల సంస్థ ఏఎల్‌సీఎస్ 2022లో చేసిన సర్వేలో, పని సమయంలో సగానికి పైగా రాతకే ఇచ్చేవాళ్ల మధ్యస్థ ఆదాయం ఏడాదికి 7,000 పౌండ్లని తేలింది. 2006లో అది 12,330. ధరలు పెరిగాయి, ఆదాయం పడిపోయింది, ప్రచారం పని మాత్రం పెరిగింది.

అమెరికాలో 1970 నుంచి జరుగుతున్న బౌచర్‌కాన్ లాంటి క్రైమ్ నవలల సమావేశాల్లో రచయితలు సైతం మామూలుగా రిజిస్ట్రేషన్ ఫీజు కట్టుకునే వెళ్తారు. విమానం, హోటల్ ఖర్చు అదనం. దాన్ని అభిమానులే నడుపుకుంటారు, వ్యాపారం కాదు కాబట్టి అర్థం చేసుకోవచ్చు. టిక్కెట్లు అమ్మి, స్పాన్సర్లను తెచ్చుకుని, మైకు పట్టినాయనకూ టెంటు వేసినాయనకూ డబ్బులిచ్చి, మాట్లాడటానికి వచ్చిన రచయితకు మాత్రం ‘మీకు మంచి ప్రచారం కదా’ అనే సాహిత్యోత్సవాలను అర్థం చేసుకోవడం కష్టం. ఈ కారణంతోనే 2016లో రచయిత ఫిలిప్ పుల్‌మన్ ఆక్స్‌ఫర్డ్ సాహిత్యోత్సవం పోషకుడి హోదా వదులుకున్నారు. ఆయన రాసేది క్రైమ్ కాదు, గొడవ మాత్రం అందరిదీ.

డబ్బు కన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇంకొకటి. ప్రచారం భారం రచయిత మీద పడ్డాక, బాగా రాసేవాళ్లకంటే బాగా మాట్లాడేవాళ్లు ముందుకెళ్తారు. జేమ్స్ ప్యాటర్సన్ యాడ్ ఏజెన్సీలో పెద్ద ఉద్యోగం చేసినవాడు, 1993లో తన నవలకు సొంత డబ్బుతో టీవీ ప్రకటన తీయించుకున్నాడు. మార్క్ బిల్లింగ్‌హామ్ స్టాండప్ కమెడియన్‌గా స్టేజీ అలవాటైనవాడు. రిచర్డ్ ఆస్మన్ 2020లో మొదటి నవల తెచ్చేనాటికే టీవీలో తెలిసిన ముఖం. వీళ్ల పుస్తకాలు అందువల్లే అమ్ముడయ్యాయని అనను, పాఠకులు అంత అమాయకులేం కాదు. కానీ మైకు అందగానే గొంతు తడారిపోయే మనిషి, చంటిపిల్లల్ని వదిలి రాత్రి బస చేయలేని తల్లి, పగలు ఉద్యోగం చేసి రాత్రి రాసుకునేవాడు, వీల్‌చెయిర్‌లో ఉన్నందువల్ల మూడు మెట్లున్న వేదిక ఎక్కలేని రచయిత, వీళ్లంతా ఈ పందెంలో వెనకబడే మొదలుపెడుతున్నారు. గదిలో ఒంటరిగా కూర్చుని చేసే పనికి, గది నిండా జనాన్ని నవ్వించగలగడం అర్హత ఎప్పుడైందో ఎవరూ చెప్పలేదు.

పేరు లేకపోతే ఏమవుతుందో 2013లో లోకమంతా చూసింది. రాబర్ట్ గాల్‌బ్రెయిత్ అనే కొత్త రచయిత పేరుతో వచ్చిన డిటెక్టివ్ నవలకు సమీక్షలు బాగానే వచ్చాయి. మూడు నెలల్లో బ్రిటన్‌లో అమ్ముడైన హార్డ్‌కవర్ కాపీలు దాదాపు 1,500. జులైలో ఆ గాల్‌బ్రెయిత్ మరెవరో కాదు జె.కె. రౌలింగ్ అని పత్రిక బయటపెట్టింది. రోజుల్లో పుస్తకం అమ్మకాల పట్టిక పైకెక్కింది. ఆ పదిహేను వందల అంకెను చూసి చాలామంది జాలిపడ్డారు గానీ, మొదటి నవల హార్డ్‌కవర్‌కు అది తీసిపారేసే అంకేం కాదు. తేడా అంతా అట్ట మీది పేరులోనే ఉంది, లోపలి అక్షరం ఒక్కటీ మారలేదు.

స్పెయిన్‌లో దీనికి తలకిందులుగా జరిగింది. కార్మెన్ మోలా అనే రచయిత్రి ఎక్కడా కనిపించేది కాదు. యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకునే ముగ్గురు పిల్లల తల్లి అన్నట్టు చెప్పేవాళ్లు. 2018 నుంచి ఆ నవలలు జోరుగా అమ్ముడయ్యాయి. 2021లో పది లక్షల యూరోల ప్లానెటా బహుమతి ప్రకటించినప్పుడు స్టేజీ ఎక్కింది ముగ్గురు మగవాళ్లు, ముగ్గురూ టీవీ స్క్రిప్టులు రాసేవాళ్లే. మోసమని కొందరు తిట్టారు, మాడ్రిడ్‌లో ఒక పుస్తకాల షాపు ఆ నవలల్ని అరల్లోంచి తీసేసింది. రచయిత కనబడకుండా ఉండటం కూడా మంచి ప్రచారమేనని ఆ ముగ్గురికి తెలుసు. అయితే అక్కడ కూడా అమ్ముడైంది ఒక మనిషి కథే, కాకపోతే కల్పించిన మనిషి.

ఒత్తిడి పెరిగినచోట అడ్డదారులు కూడా పుడతాయి. 2012లో పేరూ బహుమతులూ ఉన్న ఒక బ్రిటిష్ క్రైమ్ రచయిత దొంగపేర్లతో తన పుస్తకాలను ఆన్‌లైన్‌లో తనే పొగుడుకుని, తోటి రచయితలను తనే తెగిడాడని బయటపడింది. ఆయన క్షమాపణ చెప్పాడు. చాలామంది రచయితలు కలిసి ఇలాంటి పనులను ఖండిస్తూ ప్రకటన ఇచ్చారు. దొంగ సమీక్షలు డబ్బిచ్చి కొనుక్కోవడం కూడా అప్పట్లోనే వార్తలకెక్కింది. తప్పు తప్పే. కాకపోతే అన్ని అవార్డులు ఉన్న మనిషి కూడా అర్ధరాత్రి దొంగపేరుతో లాగిన్ అయ్యాడంటే, ఆ టెన్షన్ ఎక్కడ్నుంచి వచ్చిందో ఆలోచించాల్సిన వాళ్లు ఆయనొక్కడే కాదు.

ఇంత జరుగుతున్నా ఈ రంగాన్ని నిలబెడుతున్నది వాళ్లలో వాళ్ల కలుపుగోలుతనమే. 1930లో లండన్‌లో మొదలైన డిటెక్షన్ క్లబ్ సభ్యులు కలిసి గొలుసు నవలలు రాసి, ఆ డబ్బుతో క్లబ్బు గదులకు అద్దె కట్టారు. 1986లో శారా పారెట్స్కీ, తోటి రచయిత్రులు అమెరికాలో సిస్టర్స్ ఇన్ క్రైమ్ అనే సంఘం పెట్టింది కూడా ప్రచారం గొడవ మీదే. ఆడవాళ్ల క్రైమ్ నవలలకు పత్రికల్లో ఎన్ని సమీక్షలు వస్తున్నాయో కూర్చుని లెక్కపెట్టి, ఆ లెక్క సంపాదకుల ముందు పెట్టారు. స్కాట్లండ్‌లో డండీ యూనివర్సిటీకి కొత్త మార్చురీ కావాల్సివస్తే క్రైమ్ రచయితలు విరాళాల సేకరణకు దిగారు. ఎవరి పేరు పెట్టాలో పాఠకులు చందాలతోనే ఓట్లేశారు, ఆ మార్చురీకి ఇప్పుడు క్రైమ్ రచయిత్రి వాల్ మెక్‌డర్మిడ్ పేరుంది. బతికుండగా ఇలాంటి గౌరవం ఇంకే వృత్తిలో ఎవరికి దక్కుతుంది! ఆవిడే మరికొందరు రచయితలతో కలిసి బ్యాండు కట్టి 2019లో గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో పాడారు. వీళ్లకు జనంలో ఉండటమంటే నిజంగానే సరదా. అలా సరదా పడేవాళ్లను చూపించి, పడనివాళ్లను కూడా అదే గాటన కట్టడం దగ్గరే పేచీ.

వెనక అట్ట మీద తోటి రచయితల మెప్పు మాటల సంగతి చూడండి. పేరున్న క్రైమ్ రచయితలకు ఇంకా అచ్చుకాని నవలలు కుప్పలుగా వస్తాయి, నాలుగు మంచి మాటలు రాయమని. చదివితే సొంత పని ఆగుతుంది, చదవకుండా రాస్తే అబద్ధం, రాయనంటే స్నేహం చెడుతుంది. కొత్తవాళ్లకు అడగడం నామోషీ, అడక్కపోతే ఎడిటర్ ఊరుకోడు. 2025 జనవరిలో అమెరికా ప్రచురణ సంస్థ సైమన్ అండ్ షుస్టర్‌లో ప్రధాన ప్రచురణ విభాగం అధిపతి, ఇకపై తమ రచయితలు ఈ మెప్పు మాటలు తెచ్చుకోవాల్సిన అవసరం లేదని ప్రకటించారు. మిగతా పబ్లిషర్లు ఎగబడి వెంట నడుస్తారని అనుకోను. డబ్బు ఖర్చు కాని ప్రచారాన్ని వదులుకోవడం ఏ వ్యాపారికీ సులువు కాదు.

నేననేది కొత్త విషయమేం కాదు. ప్రచారం కావాలంటే దాన్ని ఒప్పందంలో రాయండి. ఎన్ని రోజులు, రాకపోకల ఖర్చు ఎవరిది, రోజుకు ఎంత ఇస్తారు, ఆన్‌లైన్‌లో ఏం చేయాలి, ఏం చేయక్కర్లేదు. ప్రచారం రోజులు పెరిగితే రాతప్రతి గడువు కూడా ఆ మేరకు జరగాలి. మాట్లాడలేనివాళ్లకు వేరే దారి చూపాలి. పాఠకులకు ఉత్తరం రాయడం, పుస్తకాల క్లబ్బుల ప్రశ్నలకు రాతలో జవాబివ్వడం. సిమెనాన్ వేలిముద్రల పార్టీ లాంటి ఆలోచనలు చేయడం పబ్లిషర్ దగ్గర జీతం తీసుకునే పబ్లిసిటీ విభాగం పని. తర్వాతి శవాన్ని ఎక్కడ దాచాలా అని తల పట్టుకున్న మనిషి నెత్తిన అది కూడా పెట్టడం అన్యాయం.

రచయిత గడప దాటకుండా కూడా డబ్బు రావచ్చు. బ్రిటన్‌లో 1979లో చేసిన చట్టం ప్రకారం ప్రభుత్వ లైబ్రరీల్లో పుస్తకాన్ని అరువు తీసుకెళ్లిన ప్రతిసారీ రచయితకు కొన్ని పెన్నీలు జమ అవుతాయి, ఒకరికి ఏడాదికి గరిష్ఠంగా 6,600 పౌండ్లు. లైబ్రరీల్లో ఎక్కువ చేతులు మారే పుస్తకాల్లో ఏటా క్రైమ్ నవలలదే పైచేయి. పాతికేళ్ల కిందటి పుస్తకానికి కూడా ఆ పెన్నీలు వస్తాయి. పుస్తకం తీసుకెళ్లినవాళ్లలో చాలామంది ఆ రచయిత ముఖం ఎప్పుడూ చూసి ఉండరు.