షామియానా గారికి, పెనాల్టీ గుంత ఒడ్డు నుంచి

మహారాజశ్రీ షామియానా గారికి,

ఉభయకుశలోపరి. మీరు క్షేమంగా ఉన్నారని మొన్న ఆదివారం కళ్లారా చూశాను. ఎర్ర చారలు, పసుపు జాలర్లు, గిర్రున తిరిగే ఫ్యాన్లు, వాటి కింద హాయిగా గాలి పీలుస్తున్న ఖాళీ కుర్చీలు. మా వైపు క్షేమం అంత బాగా లేదు.

నాలుగింటికి ఫుట్‌బాల్ మ్యాచ్ అని పదేళ్ల మావాడికి మా నాయిన పాత జెర్సీ తొడిగి బండెక్కించాను. అది వాడికి మోకాళ్ల దాకా వచ్చింది, వేరే సంగతి. తీరా గేటు దగ్గరికొస్తే మైదానంలో ఇరవై రెండు మంది ఉండాల్సిన చోట మీరొక్కరే ఉన్నారు. "మీటింగున్నది సార్, మ్యాచ్ వచ్చే ఐతారం" అన్నాడు వాచ్‌మన్. ఎవరి మీటింగో అతనికీ తెలియదు. కుర్చీల వాలకం చూస్తే రావాల్సినవాళ్లకూ తెలిసినట్టు లేదు.

మీ రాక మాకు కొత్తేం కాదు. పెళ్లికొస్తారు, ఓట్లప్పుడొచ్చి మకాం వేస్తారు. మీ వెంట వచ్చే మైకు సెట్టు మా చెవుల్లో కాపురం పెడుతుంది. సర్దుకున్నాం. కానీ ఆ గుంజ సంగతి మాత్రం తేలాలి.

పెనాల్టీ చుక్క గోలు గీతకు 11 మీటర్ల దూరంలో ఉంటుంది. అంత మైదానం వదిలేసి మీ గుంజకు ప్రతిసారీ ఆ చుక్కే ఎలా దొరుకుతుంది స్వామీ? మేం సున్నంతో గుర్తు పెట్టేది తమరి సౌకర్యం కోసమనుకున్నారా? కార్యం కాగానే గుంజ పీకి లారీ ఎక్కిస్తారు. గుంత మాకు కట్నంగా వదిలేస్తారు. మేం మట్టి పోసి తొక్కుతాం. మొదటి వానకే మళ్లీ నోరు తెరుస్తుంది.

పోయినేడు ఆఖరి మ్యాచ్‌లో చివరి నిమిషానికి మాకు పెనాల్టీ దొరికింది. మా జట్టు కుర్రాడు బంతి పెట్టాడు. అది గుంతలోకి జారింది. తీసి పెట్టాడు. మళ్లీ జారింది. అవతలి జట్టు గోలీ గోలుపోస్టు పట్టుకుని నవ్వాడు. చివరికి రిఫరీ జానెడు పక్కన పెట్టించాడు. పరుగెత్తుకొచ్చిన ఆ కుర్రాడి ఎడమ కాలు గుంతలో పడింది, కుడి కాలు తన్నిన బంతి పక్కింటి డాబా మీద పడింది. నెల రోజులు కుంటాడు. బంతి ఇప్పటికీ తిరిగి రాలేదు.

మా తాత ఈ గోల చూడలేదు, అదృష్టవంతుడు. ఆయన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు నాటి మనిషి. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి నుంచి రోవర్స్ కప్పు తెచ్చిన జట్టు. ఆ జట్టు కోచ్ రహీం సాబ్ పేరెత్తితే తాత లేచి నిలబడేవాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు నాలుగో స్థానంలో నిలిచారు. తాత లెక్కలో ఆ జట్టులో సగం మంది ఇక్కడివాళ్లే. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం వచ్చింది. అది తాతే మోసుకొచ్చినట్టు చెప్పేవాడు. ఆ పిచ్చి నాయినకు అంటింది. కాకపోతే నాయిన కాలానికి పెద్ద జట్లు పోయి మా బస్తీ జట్టు మిగిలింది. ఆయన బంతికి గాలి కొట్టేవాడు, గీతలకు సున్నం చల్లేవాడు, ఓడినప్పుడు రాత్రి అన్నం తినేవాడు కాదు. మా ఇంట్లో చాలా రాత్రులు అన్నం మిగిలేది. తాత కూర్చున్న సిమెంటు మెట్టు మీదే నాయిన, నాయిన పక్కన నేను, ఇప్పుడు మావాడు. ఆ మెట్టు మీది జనం మాత్రం ఏటేటా పలచబడ్డారు.

ఒక సంగతి ఒప్పుకోవాలి. నాయిన పెళ్లి ఈ మైదానంలోనే, మీ కిందే జరిగింది. ఫోటోలో పెళ్లికొడుకు భుజం వెనక గోలుపోస్టు కనిపిస్తుంది. మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది: ముహూర్తానికి గంట ముందు, బాసికం కట్టుకుని, ఈయన డేరా వేసేవాళ్లతో పేచీ పెట్టుకున్నాడట. గుంజ పెనాల్టీ చుక్క మీద పాతొద్దని, నాలుగడుగులు అవతలికి జరిపితే తప్ప పీటల మీద కూర్చోనని. జరిపారు. డేరా కూలలేదు. పెళ్లి ఆగలేదు.

అంటే జరుపుకోవచ్చు. ఇన్నేళ్లుగా జరుపుకోవచ్చు! నాలుగడుగులు! గుంజకు కళ్లు లేవు సరే, దాన్ని పాతేవాళ్లకు లేవా? పాతమని చెప్పేవాళ్లకు లేవా? పిల్లల కాళ్లు విరిగితే మీకేం, లారీ ఎక్కి ఇంకో మైదానానికి పోతారు. సిగ్గు లేకపోతే సరి.

క్షమించాలి, గారు పెట్టడం మరిచాను.

ఆదివారం గేటు దగ్గరుండగానే నాయిన ఫోన్. మోకాళ్ల నొప్పులతో ఇప్పుడు రాలేడు, ఫోన్లోనే చూస్తాడు. "ఎంత?" అన్నాడు ఎప్పటిలాగే.

"షామియానా ఒకటి, మనం సున్నా."

కాసేపు మాట లేదు. తర్వాత అడిగాడు, "ఏ గోలు దిక్కు పాతిండ్రు?"

"చింతచెట్టు దిక్కు."

"టాస్ గెలిస్తే ఫస్టాఫ్ చింతచెట్టు గోలు మనమే కాపాడుకోవాలె, సెకండాఫ్‌ల వాళ్లకప్పజెప్పాలె. పెనాల్టీ వస్తె మనోడే కొట్టాలె గదా అటు. పొద్దుగాల్నే పోయి మొరం పొయ్యి, నీళ్లు చల్లి దిమ్మిస కొట్టు. మనుమడిని తోలుకపో, నేర్సుకుంటడు."

ఇట్లు,
తట్టెడు మొరంతో,
మూడో తరం అభిమాని